చిన్న లెన్స్‌లో ఏం వదులుకున్నారు? మిర్రర్‌లెస్ స్టాండర్డ్ ప్రైమ్‌ను పరీక్షించే తీరు

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ రోజు అరచేతిలో ఇమిడిపోయే 40, 45, 50 మి.మీ. ప్రైమ్ లెన్స్‌ల (జూమ్ లేని లెన్స్‌ల) గురించి మాట్లాడుకుందాం. మిర్రర్‌లెస్ కెమెరా కొన్నవాళ్ల చూపు, కెమెరాతో పాటు వచ్చే కిట్ జూమ్ తర్వాత ఎక్కువగా వీటి మీదే పడుతుంది. లెన్స్ చేతికి రాగానే అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "షార్ప్‌గా ఉందా?" ఉంటుందండి. పేరున్న కంపెనీ చేసిన 50 మి.మీ. లెన్స్ ఎఫ్/4 అపర్చర్ (కాంతి వచ్చే రంధ్రం; ఎఫ్ అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది) దగ్గర ఫ్రేమ్ మధ్యలో షార్ప్‌గా లేకపోతేనే ఆశ్చర్యపోవాలి. ఆ ప్రశ్న వేసుకుంటే రెండు లెన్స్‌ల మధ్య తేడా తేలదు. అడగాల్సింది ఇది: ఇంత చిన్నగా చెయ్యడానికి ఏం వదులుకున్నారు? ఆ వదులుకున్నది నేను తీసే ఫొటోల్లో కనబడుతుందా? ఇవాళ చెప్పే పరీక్షలన్నీ దాన్ని పట్టుకోవడానికే.

ముందు కొలతలు త్వరగా చూసేద్దాం. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ 36 × 24 మి.మీ. మూల నుంచి ఎదుటి మూలకి 43.3 మి.మీ. అటూ ఇటూగా ఆ ఫోకల్ లెంగ్త్ ఉన్నవాటిని స్టాండర్డ్ అంటున్నాం. 50 మి.మీ. లెన్స్ మూల నుంచి మూలకి చూసే కోణం 47 డిగ్రీలు, 40 మి.మీ.ది 57. పది డిగ్రీలే కదా అనిపిస్తుంది గానీ, ఇంట్లో గోడకి ఆనుకుని నిలబడి నలుగురిని ఫ్రేమ్‌లో పెట్టాల్సి వచ్చినప్పుడు ఆ పది డిగ్రీలే కావాలి. ఇంతకన్నా చిన్న సెన్సర్ ఉన్న ఏపీఎస్-సీ కెమెరాలకి ఈ జాగాలో 27 నుంచి 35 మి.మీ., ఇంకా చిన్నదైన మైక్రో ఫోర్ థర్డ్స్‌కి 20, 25 మి.మీ. లెన్స్‌లు వస్తాయి. పరీక్షలు అన్నిటికీ ఒకటే.

ఇక లెన్స్ ఎందుకు చిన్నదవుతుంది? చాలామంది చెప్పే జవాబు, "అద్దం తీసేశారు కదా, అందుకే". ఇది సగం మాట. లెన్స్ బిగించే మౌంట్ నుంచి సెన్సర్‌కి ఉన్న దూరం, అద్దం ఉండే డీఎస్ఎల్ఆర్‌ల మౌంట్లయిన కెనాన్ ఈఎఫ్‌లో 44 మి.మీ., నికాన్ ఎఫ్‌లో 46.5. మిర్రర్‌లెస్ మౌంట్లయిన కెనాన్ ఆర్‌ఎఫ్‌లో అది 20, సోనీ ఈలో 18, నికాన్ జెడ్‌లో 16. నిజమే, బాగా తగ్గింది. కానీ డీఎస్ఎల్ఆర్ కోసం చేసిన కెనాన్ ఈఎఫ్ 50 మి.మీ. ఎఫ్/1.8 ఎస్‌టీఎం బరువు 160 గ్రాములు. మిర్రర్‌లెస్ కోసం చేసిన ఆర్‌ఎఫ్ 50 మి.మీ. ఎఫ్/1.8 బరువూ 160 గ్రాములే. ఇంకో పక్కన ఒకే మౌంట్‌లో నికాన్ జెడ్ 40 మి.మీ. ఎఫ్/2 170 గ్రాములుంటే, జెడ్ 50 మి.మీ. ఎఫ్/1.8 ఎస్ 415 గ్రాములుంది. అంటే పరిమాణాన్ని మౌంట్ నిర్ణయించలేదు, డిజైనర్ నిర్ణయించాడు. సెన్సర్ దగ్గరగా ఉంటే వెనక పెద్ద గాజు పెట్టుకునే వీలు దొరుకుతుంది. ఆ వీలుని నాణ్యతకి వాడుకోవచ్చు, లెన్స్‌ని కుదించడానికీ వాడుకోవచ్చు.

కుదించడానికి మొదటి దారి అపర్చర్. ఫోకల్ లెంగ్త్‌ని ఎఫ్ నంబర్‌తో భాగించండి. 50 మి.మీ. ఎఫ్/1.4 అయితే కాంతి లోపలికి వచ్చే దారి 36 మి.మీ. వెడల్పు. ఎఫ్/1.8 అయితే 28, ఎఫ్/2.5 అయితే 20. సోనీ 2021లో తెచ్చిన 50 మి.మీ. ఎఫ్/2.5 జీ 174 గ్రాములు, 45 మి.మీ. పొడవు ఉండడానికి ముఖ్య కారణం ఈ 20 మి.మీ. దారే. ఇక్కడ ఇంకో విషయం గమనించండి. 40 మి.మీ. ఎఫ్/2కి కూడా అది 20 మి.మీ.లే. మనిషి ముఖం ఫ్రేమ్‌లో ఒకే సైజులో వచ్చేలా రెండిటితోనూ తీస్తే, దూరాన ఉన్న దీపం మసక బిళ్ల రెండు ఫొటోల్లోనూ ఒకే వ్యాసంతో పడుతుంది. ఎఫ్/2 కాబట్టి వెనక ఎక్కువ కరిగిపోతుందని, ఎఫ్/2.5 కాబట్టి తక్కువని అనుకుంటే పొరపాటే. కాంతి లెక్క మాత్రం వేరు. ఎఫ్/1.8 నుంచి ఎఫ్/2.5కి పోతే దాదాపు ఒక స్టాప్ (అంటే సగం కాంతి) నష్టం. అక్కడ ఐఎస్‌ఓ (సెన్సర్ సున్నితత్వం) 1600 సరిపోయిన చోట ఇక్కడ 3200 పెట్టాలి. రాత్రిపూట, ఇంటి లోపల ఎక్కువ తీసేవాళ్లు లెన్స్ సమీక్షలు చదవకముందే ఈ లెక్క వేసుకోవాలి.

రెండో దారి సాఫ్ట్‌వేర్. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే చాలా పరీక్షలు తప్పుదోవ పట్టేది ఇక్కడే.

డిస్టార్షన్ (తిన్నని గీతలు వంగడం), మూలల్లో చీకటి, అంచుల్లో పక్కకి చిమ్మే రంగు – ఈ మూడింటినీ గాజుతో పూర్తిగా సరిచెయ్యకుండా కొంత భాగం కెమెరా మీదికి నెట్టేస్తారు. సవరణ లెక్కలు రా ఫైల్‌లోనే (కెమెరా ప్రాసెస్ చెయ్యని మూల ఫైల్‌లో) రాసి ఉంటాయి. లైట్‌రూమ్ లాంటి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లు చాలా లెన్స్‌లకి వాటిని తెరిచిన క్షణంలోనే అమలు చేసేస్తాయి, ఆపే మీట కూడా ఇవ్వవు. వ్యూఫైండర్‌లో చూసేదీ సరిచేసిన బొమ్మే. కాబట్టి గీతలు తిన్నగా ఉన్నాయి చూశారా అని ఎవరైనా అంటే, ఆ మెప్పు గాజుకి దక్కాలో ప్రాసెసర్‌కి దక్కాలో అప్పుడే చెప్పలేం.

చూసే మార్గం ఉంది. కెమెరా మెనూలో లెన్స్ సవరణల పేజీకి వెళ్లండి. డిస్టార్షన్ సవరణ 'ఆటో' మీద నిలిచిపోయి, బూడిదరంగులోకి మారి, ఆపడానికి వీల్లేకుండా ఉందంటే ఆ లెన్స్ సాఫ్ట్‌వేర్‌ని నమ్ముకుని తయారైందని అర్థం. తర్వాత ఒక రా ఫైల్‌ని డార్క్‌టేబుల్‌లోనో రాథెరపీలోనో లెన్స్ సవరణ ఆపేసి తెరవండి. పక్కనే కెమెరా ఇచ్చిన జేపెగ్ పెట్టుకోండి. గీతలు ఎంత వంగాయి, మూల ఎంత నల్లబడింది, ఫ్రేమ్ అంచున ఎంత భాగం కోతకు పోయింది – మూడూ తెలుస్తాయి.

అలా చేస్తే తప్పేముంది అని అడగొచ్చు. తప్పేం లేదు, ధర ఉంది. బయటికి ఉబ్బిన బ్యారెల్ వంపుని తిన్నగా చెయ్యాలంటే మూలల్ని లాగి సాగదియ్యాలి. సాగదీసిన చోట పిక్సెళ్లు కొత్తగా పుట్టవు, ఉన్నవే పలచబడతాయి. మూల రెండు స్టాప్‌లు చీకటిగా ఉంటే దాన్ని నాలుగు రెట్లు పెంచాలి. అంటే ఐఎస్‌ఓ 1600లో తీసిన ఫొటోలో మధ్యభాగం 1600లా, మూలలు 6400లా ఉంటాయి. పగటి వెలుతురులో ఇది కంటికి ఆనదు. రాత్రి ఆకాశం తీసేవాళ్లకి, చీకటి మూలలున్న ఫొటోని మళ్లీ ఎడిటింగ్‌లో పైకి లేపేవాళ్లకి మాత్రం మూలల్లో గరుకు, ఒక్కోసారి రంగు మరకలు కనబడతాయి. నా మటుకు డిస్టార్షన్ సవరణకి పెద్ద అభ్యంతరం లేదు. చీకటి సవరణనే ఎక్కువ పట్టించుకుంటాను.

చీకటిని కొలవాలంటే లెన్స్‌ని అనంతం దగ్గర ఫోకస్ చేసి, ముందు గాజుకి పలచటి తెల్ల ట్రేసింగ్ కాగితం ఆనించి, సమంగా మబ్బు పట్టిన ఆకాశం వైపు తీయండి. పూర్తిగా తెరిచిన అపర్చర్, ఎఫ్/2.8, ఎఫ్/4, ఎఫ్/5.6. ఎల్ఈడీ బల్బు కింద చెయ్యొద్దు, ఎలక్ట్రానిక్ షట్టర్‌తో అసలే వద్దు. బల్బు రెపరెపలు చారలుగా పడి కొలత చెడిపోతుంది.

ఇప్పుడు షార్ప్‌నెస్. పరీక్ష చార్ట్ అయినా, గోడకి అతికించిన వార్తాపత్రికలైనా పర్వాలేదు. కెమెరా దానికి సరిగ్గా ఎదురుగా లేకపోతే మాత్రం ఫలితం అంతా వృథా. ఎఫ్/1.8లో 1.5 మీటర్ల దూరంలో మామూలు లెక్క ప్రకారం 50 మి.మీ. లెన్స్ ఫోకస్ లోతు దాదాపు పది సెంటీమీటర్లు ఉంటుంది. కానీ ఆ లెక్క మామూలు సైజు ప్రింటుని చూసే కంటికి వేసింది. పిక్సెల్ స్థాయికి వచ్చేసరికి లోతు రెండు సెంటీమీటర్లకి పడిపోతుంది. కెమెరా కొంచెం పక్కకి తిరిగితే చాలు, ఎడమ మూల బాగుండి కుడి మూల పాడైపోతుంది. పాపం, తిట్లు లెన్స్‌కి పడతాయి.

అందుకని అద్దం పద్ధతి వాడండి. చార్ట్ నడిమధ్యలో చిన్న చదునైన అద్దం అతికించండి. ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి లైవ్ వ్యూలో ఆ అద్దంలోకి చూడండి. లెన్స్ ప్రతిబింబం కనిపిస్తుంది. కనిపించకపోతే ఫోకస్ వెనక్కి జరపండి, ఎందుకంటే ప్రతిబింబం చార్ట్‌కి రెట్టింపు దూరంలో ఉంటుంది. లెన్స్ ముందు గాజు ఫ్రేమ్ మధ్య గుర్తు మీద కూర్చునేదాకా కెమెరాని జరిపి, తిప్పి సర్దండి. అక్కడితో మీరు నిజంగా ఎదురుగా ఉన్నట్టు. అద్దం తీసేసి, మళ్లీ చార్ట్ మీద ఫోకస్ చెయ్యండి. దూరం ఫోకల్ లెంగ్త్‌కి కనీసం 50 రెట్లు, అంటే 50 మి.మీ.కి రెండున్నర మీటర్లు పెట్టుకోండి.

ఐఎస్‌ఓ బేస్‌లో, మామూలుగా 100లో. ట్రైపాడ్ మీద కాబట్టి బాడీలోని స్టెబిలైజేషన్ ఆపండి. రెండు సెకన్ల టైమర్ పెట్టండి. మాన్యువల్ ఫోకస్, తెరని పూర్తిగా పెద్దది చేసి. ప్రతి అపర్చర్‌కీ మూడుసార్లు ఫోకస్ కొత్తగా చేసి, బాగున్నది ఉంచుకోండి. ఒక్కసారి తీసి తీర్పు చెబితే మీరు పరీక్షించింది లెన్స్‌ని కాదు, మీ ఫోకస్‌ని. ఇంకో మెలిక: ఈ లెన్స్‌ల్లో చాలావాటికి ఫోకస్ రింగు గాజుకి నేరుగా కలిసి ఉండదు, తీగల ద్వారా మోటారుకి ఆజ్ఞ వెళుతుంది. మధ్యలో కెమెరా నిద్రలోకి జారుకుంటే లేచాక ఫోకస్ పాత చోట ఉండకపోవచ్చు. పవర్ సేవ్ సమయం పెంచి పెట్టుకోండి.

ఫలితాలు ఎలా చదవాలి? చాలా చిన్న ప్రైమ్‌లలో మధ్యభాగం పూర్తి అపర్చర్‌లోనే బాగుంటుంది, మూలలు ఎఫ్/5.6కి వచ్చి కలుస్తాయి. తర్వాత డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రంలోంచి వచ్చే కాంతి చెదరడం) మొదలవుతుంది. ఆకుపచ్చ కాంతికి ఎఫ్/8లో చుక్క వ్యాసం దాదాపు 11 మైక్రాన్లు, ఎఫ్/11లో 15, ఎఫ్/16లో 21 దాటుతుంది. 24 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్‌లో ఒక పిక్సెల్ 6 మైక్రాన్లు. కాబట్టి ఎఫ్/16లో రెండు లెన్స్‌లని పోల్చడం దండగ, అక్కడ అన్ని లెన్స్‌లూ ఒకేలా మెత్తబడతాయి. ఇంకోటి కూడా గుర్తుంచుకోండి. మామూలు మానిటర్‌లో 100 శాతం జూమ్ పెట్టి 24 మెగాపిక్సెల్ ఫొటో చూడడమంటే, 1.6 మీటర్ల వెడల్పు ప్రింటుకి ముక్కు ఆనించి చూడడమే. తేడా కనబడుతుంది సరే, అది మీకు ఎప్పుడైనా అడ్డు వస్తుందా అన్నది వేరే సంగతి.

ఇక చిన్న లెన్స్‌ని కొన్నవాళ్లు తప్పనిసరిగా చెయ్యాల్సిన పరీక్ష ఒకటుంది. డీసెంటరింగ్. లోపలి గాజుల్లో ఏదో ఒకటి పక్కకి జరిగి గానీ, ఒరిగి గానీ ఉండడం. ఒకే మోడల్‌లో ఒక లెన్స్‌కీ ఇంకో లెన్స్‌కీ తేడా వచ్చేది ఎక్కువగా ఇందువల్లే. సమీక్షలో చూసిన లెన్స్ ఎంత బాగున్నా, మీ చేతిలో ఉన్నది అది కాదు కదా. దీనికి చార్ట్ అక్కర్లేదు.

దూరాన, వంద మీటర్లకి పైన, సన్నటి వివరాలున్న వస్తువు ఒకటి ఎంచుకోండి. యాంటెన్నా, ఆకులు రాలిన కొమ్మలు, పెద్ద బోర్డు మీది అక్షరాలు. పొద్దున్నే చెయ్యండి, మధ్యాహ్నం వేడికి గాలి అల్లాడుతుంది, వివరాలు కరిగిపోతాయి. అపర్చర్ పూర్తిగా తెరవండి. వస్తువుని మధ్యలో పెట్టి మాన్యువల్‌లో ఫోకస్ చేసి ఒక ఫొటో. ఇప్పుడు ఫోకస్ ముట్టుకోకుండా, కెమెరాని తిప్పి అదే వస్తువు నాలుగు మూలల్లోకీ వచ్చేలా నాలుగు ఫొటోలు. ఐదింటిలోంచీ ఆ వస్తువు ముక్కని కత్తిరించి పక్కపక్కన పెట్టండి.

నాలుగు మూలలూ మధ్యకన్నా తక్కువగా ఉంటే, అదీ సమానంగా తక్కువగా ఉంటే, లెన్స్ ఆరోగ్యంగానే ఉంది. అది దాని డిజైన్. మూడు బాగుండి ఒకటి మాత్రం నలిగినట్టుంటే అనుమానించాలి. ఇక్కడ తొందరపడొద్దు. ఆ మూలలో మళ్లీ ఫోకస్ చేసి తీయండి. నాలుగు మూలలూ మళ్లీ ఫోకస్ చేస్తే బాగుపడుతున్నాయంటే అది ఫీల్డ్ వంపు, ఫోకస్ తలం చదునుగా కాక వంగి ఉందన్నమాట. ఎడమ పక్క సరిచేస్తే కుడి పక్క చెడుతోందా? గాజు ఒరిగింది. ఏం చేసినా ఆ ఒక్క మూల కుదురుకోలేదా? గాజు పక్కకి జరిగింది. ఆఖరి నిర్ధారణకి కెమెరాని తలకిందులు చేసి అదే దృశ్యం తీయండి. లోపం ఫ్రేమ్‌లో అదే పక్కన ఉండిపోతే అది పరికరంలోదే. దృశ్యంతో పాటు తిరిగితే మీ అమరికలో తేడా ఉంది. పరికరంలోనే ఉందని తేలాక కూడా ఇంకో లెన్స్ బిగించి చూడాలి. దానికీ అదే మూల చెడితే లెన్స్‌ని వదిలేసి బాడీ మౌంట్‌నో సెన్సర్‌నో చూపించుకోండి. వాపసు గడువు ఉండగానే, అంటే కొన్న మొదటి రెండు మూడు రోజుల్లోనే ఇది పూర్తి చేసుకోవాలి.

దగ్గరి దూరం సంగతికొద్దాం. చిన్న లెన్స్‌లలో ఫోకస్ కోసం కదిలే గాజులు తక్కువ. అనంతం దగ్గర అద్భుతంగా ఉన్న లెన్స్ అర మీటరు లోపల మెత్తబడడం మామూలే. 2019లో వచ్చిన సిగ్మా 45 మి.మీ. ఎఫ్/2.8 దీనికి పేరుపడింది. ఎఫ్/2.8లో, బాగా దగ్గరగా, వస్తువు చుట్టూ చిన్న వెలుగు పొర ఉంటుంది. ఎఫ్/4కి పోగానే అది తొలగిపోతుంది. దాన్ని లోపమంటారో రుచి అంటారో మీ ఇష్టం. సిగ్మా మాత్రం వెనక మసక మెత్తగా రావడం కోసం కావాలనే అలా మలిచింది. వంటకాలు, నగలు తీసేవాళ్లు మాత్రం అత్యంత దగ్గరి దూరంలో, పూర్తి అపర్చర్‌లో ఒక పరీక్ష చెయ్యకుండా కొనకూడదు. ఎంత దగ్గరగా పోగలదన్నదీ చూడండి. కెనాన్ ఆర్‌ఎఫ్ 50 ఎఫ్/1.8 0.3 మీటర్ల దాకా వెళ్లి 0.25 రెట్ల మాగ్నిఫికేషన్ ఇస్తుంది. సోనీ 55 మి.మీ. ఎఫ్/1.8 అర మీటరు దగ్గరే ఆగిపోతుంది, 0.14 రెట్లే. కాగితం మీద రెండూ ఎఫ్/1.8 లెన్స్‌లే మరి.

ఆ వెలుగు పొరకి కారణమైన గోళీయ దోషమే (గాజు అంచు నుంచి, మధ్య నుంచి వచ్చే కిరణాలు ఒకే చోట కలవకపోవడం) ఇంకో చిక్కు కూడా తెస్తుంది. అపర్చర్ మూస్తుంటే ఫోకస్ స్థానం జరుగుతుంది. తెర మీద చూడండి. స్కేలుని 45 డిగ్రీల వాలుగా పెట్టి, మధ్య గీత సున్నా మీద ఎఫ్/1.8లో ఫోకస్ చేశాం. మాన్యువల్‌లోనే ఉంచి ఎఫ్/2.8లో, ఎఫ్/4లో తీశాం. రెండో బొమ్మలో లోతు పెరిగింది, కానీ ముందువైపు పెరగలేదు, అంతా వెనక్కే పోయింది. సున్నా గీత స్పష్టత అంచున పడింది. కళ్ల మీద ఫోకస్ చేస్తే చెవులు షార్ప్‌గా వచ్చే ఫొటోలు ఇలాగే పుడతాయి. మిర్రర్‌లెస్‌లో దీనికి సగం మందు కెమెరాలోనే ఉంది. మీరు పెట్టిన అపర్చర్‌లోనే ఫోకస్ చేసే కెమెరాల్లో ఈ జరుగుడు ఫొటోలోకి రాదు. పూర్తిగా తెరిచి ఫోకస్ చేసి, తర్వాత మూసే వాటిలో వస్తుంది. మీ కెమెరా ఏ రకమో తెలుసుకోవడం తేలిక: షట్టర్ సగం నొక్కి, లెన్స్ ముందు నుంచి బ్లేడ్లని చూడండి.

రంగు అంచుల్లో రెండు రకాలున్నాయి, వాటిని కలిపెయ్యకండి. మూలల్లో ఒక పక్క ఎరుపు, ఇంకో పక్క నీలం-ఆకుపచ్చ కనిపించేది సాఫ్ట్‌వేర్ ఒక్క మీటతో తీసేస్తుంది. దాని గురించి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. రెండోది ఫోకస్ ముందూ వెనకా వచ్చేది. తెర మీద ఉన్నది వెండి గొలుసు, నల్ల గుడ్డ మీద ఏటవాలుగా పరిచి తీసింది. ఫోకస్ ఉన్న లింకు మెరుపు తెల్లగా ఉంది. దానికి మన వైపున్న లింకుల మెరుపుల చుట్టూ గులాబీ కలిసిన ఊదా. వెనక్కి పోయేకొద్దీ ఆకుపచ్చ. ఫ్రేమ్ మధ్యలో కూడా ఇది వస్తుంది, ఎఫ్/4 దాకా పూర్తిగా పోదు. సాఫ్ట్‌వేర్‌తో తీయబోతే ఊదా రంగు చీరకి కూడా రంగు వెలిసిపోతుంది. పెళ్లి ఫొటోలు తీసేవాళ్లు మిగతా పరీక్షలు మానినా ఈ గొలుసు పరీక్ష మానొద్దు.

బోకే (ఫోకస్ లేని చోట మసక వచ్చే తీరు) గురించి చెప్పడానికి చాలా ఉంది, చెప్పేవాళ్లూ చాలామంది ఉన్నారు కాబట్టి మూడు మాటలతో సరిపెడతాను. దూరంగా చిన్న దీపాల తోరణం పెట్టి, లెన్స్‌ని దగ్గరికి ఫోకస్ చేసి తీయండి. బిళ్ల లోపల వలయాలు కనిపిస్తే అది అచ్చుపోసిన ఆస్ఫెరికల్ (గోళాకారం కాని వంపున్న) గాజు తాలూకు గుర్తు. అంచుల వైపు బిళ్లలు పిల్లికన్నులా నొక్కుకుపోతే లెన్స్ గొట్టం కాంతిని కోస్తోందన్నమాట. సన్నటి గొట్టాల్లో ఇది ఎక్కువ. బిళ్ల అంచున గట్టి గీత ఉంటే, వెనక చెట్ల కొమ్మలు రెండేసిగా కనిపించి చికాకు పెడతాయి. ఈ పరీక్షలో ఒక ఉచ్చు ఉంది. ఎలక్ట్రానిక్ ఫస్ట్ కర్టెన్ (షట్టర్ మొదటి తెర బదులు సెన్సరే ఎక్స్‌పోజర్ మొదలుపెట్టే పద్ధతి) పెట్టి 1/2000 లాంటి వేగంలో తీస్తే బిళ్ల ఒక పక్క కోసినట్టు వస్తుంది. అది షట్టర్ చేసిన పని, లెన్స్‌ది కాదు. బోకేకి పూర్తి మెకానికల్ షట్టర్ వాడండి.

సూర్యుడు ఫ్రేమ్ లోపల ఉన్నప్పటికన్నా, అంచుకి కొంచెం బయట ఉన్నప్పుడే ఫ్లేర్ (లెన్స్ లోపల కాంతి చెదిరి బొమ్మ వెలవెలబోవడం) ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఫోన్ టార్చి పట్టుకుని చీకటి గదిలో చుట్టూ తిప్పినా తెలిసిపోతుంది. కాంట్రాస్ట్ ఏ కోణంలో కూలిపోతోందో చూసుకోండి, హుడ్ పెట్టి మళ్లీ చూడండి.

ఆటోఫోకస్. వేగం కన్నా ముందు నిలకడ చూడండి. ట్రైపాడ్ మీద, మసక వెలుతురులో, ఒకే గుర్తు మీద ఇరవై సార్లు ఫోకస్ చేయించండి. పది సార్లు అనంతం నుంచి, పది సార్లు దగ్గరి నుంచి. ఒక వైపు నుంచి వచ్చినప్పుడు మాత్రమే తప్పుతుంటే మోటారులోనో గేర్లలోనో వదులుంది. తర్వాత మనిషిని కెమెరా వైపు నడిపించి వరస షాట్లు తీయండి. చివరి రెండు మీటర్లలోనే లెన్స్ మోటారు బలం తెలిసేది. వీడియో తీసేవాళ్లు నిశ్శబ్దమైన గదిలో కెమెరా మైక్‌తోనే రికార్డు చేసి మోటారు శబ్దం వినండి. ఎఫ్/8లో పెట్టి దగ్గర నుంచి అనంతానికి ఫోకస్ జరపండి. ఫ్రేమ్ వెడల్పు మారుతుంటే అది బ్రీథింగ్. కొన్ని కెమెరాలు సొంత కంపెనీ లెన్స్‌లకి ఫ్రేమ్ కొంచెం కోసి దీన్ని దాచేస్తాయి.

బాడీ నిర్మాణం గురించి ఒక్క మాట. ప్లాస్టిక్ మౌంట్ చూసి ముఖం చిట్లించుకుంటారు. 170 గ్రాముల లెన్స్ బరువుని అది తేలిగ్గానే మోస్తుంది. నికాన్ జెడ్ 40 మౌంట్ ప్లాస్టిక్కే. నన్నడిగితే లోహపు మౌంట్ కన్నా మౌంట్ చుట్టూ రబ్బరు వాషర్ ఉందా లేదా అన్నదే ముఖ్యం. ధూళి లోపలికి పోయేది ఎక్కువగా అక్కడి నుంచే. అది ఉన్నా వాన చినుకుల నుంచి కొంత కాపాడుతుందే గానీ, నీళ్లలో ముంచడానికి కాదు.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: కంపెనీ వెబ్‌సైట్‌లో షార్ప్‌నెస్, కాంట్రాస్ట్ చూపే ఎంటీఎఫ్ గ్రాఫ్ ఉంటుంది కదండీ. అది చూసి కొనెయ్యకూడదా?

జవాబు: చూడండి, కానీ ఏం చూస్తున్నారో తెలిసి చూడండి. చాలా కంపెనీల గ్రాఫ్‌లు డిజైన్ నుంచి కంప్యూటర్ వేసిన లెక్కలు, తయారైన లెన్స్‌ని కొలిచినవి కావు. ఎక్కువగా పూర్తి అపర్చర్‌కే ఇస్తారు. మిల్లీమీటరుకి 10 లైన్ల గీత కాంట్రాస్ట్ చెబుతుంది, 30 లైన్ల గీత సన్నటి వివరం చెబుతుంది. రెండు కంపెనీల గ్రాఫ్‌లు పక్కపక్కన పెట్టొద్దు, లెక్క వేసే పద్ధతులే వేరు. ఒకే కంపెనీ రెండు లెన్స్‌లని పోల్చడానికి పనికొస్తుంది. గ్రాఫ్ ఎక్కువగా అనంతం దగ్గరిది కాబట్టి దగ్గరి దూరం గురించి అది ఏమీ చెప్పదు. డీసెంటరింగ్ గురించి అసలే చెప్పదు.

ప్రశ్న: సార్, 45 మెగాపిక్సెల్ బాడీకి ఈ చిన్న లెన్స్‌లు సరిపోవంటారు. నిజమేనా?

జవాబు: లెన్స్ అదే అయినా 24 కన్నా 45లో వివరం ఎక్కువే వస్తుంది, తగ్గదు. 100 శాతంలో చూస్తే లోపాలు పెద్దవిగా కనిపిస్తాయి, అంతే. 45 మెగాపిక్సెల్‌లో పిక్సెల్ 4.4 మైక్రాన్లు, కాబట్టి చెయ్యి వణుకు, ఫోకస్ తప్పు కూడా పెద్దవిగానే కనిపిస్తాయి. లెన్స్‌ని అనే ముందు షట్టర్ వేగం ఒక మెట్టు పెంచి చూడండి.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో కొంటే ఏం చూసుకోవాలి? లెన్స్ ఊపితే లోపల గలగలమంటోంది. వద్దనుకోవాలా?

జవాబు: లీనియర్ మోటారున్న లెన్స్‌లలో కరెంటు లేనప్పుడు ఫోకస్ గాజులు వదులుగానే ఉంటాయి, ఆ చప్పుడు మామూలే. కెమెరాకి బిగించి ఆన్ చేశాక ఊపి చూడండి. అప్పుడూ గలగలమంటే పక్కన పెట్టండి. ఫిల్టర్ రింగు నొక్కుకుపోయిందా చూడండి. నొక్కు ఉందంటే కింద పడింది, డీసెంటరింగ్ పరీక్ష చెయ్యకుండా డబ్బివ్వొద్దు. వెనక నుంచి టార్చి వేసి ముందు నుంచి లోపలికి చూడండి. రెండు మూడు దుమ్ము రేణువులు ఫొటోలో కనబడవు, వదిలెయ్యండి. సాలెగూడు తీగల్లా ఉంటే ఫంగస్, పొగ కమ్మినట్టుంటే హేజ్, రెండూ వద్దు. కెమెరాకి బిగించి ఎఫ్/16 పెట్టి, డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ప్రివ్యూ మీట నొక్కి బ్లేడ్లు సమానంగా మూసుకుంటున్నాయా, వాటి మీద నూనె మెరుపు ఉందా చూడండి. వెనక బంగారు రంగు కాంటాక్టులు అరిగి గీతలు పడి ఉంటే ఆటోఫోకస్‌ని ఒక పావుగంట ఆపకుండా పని చేయించండి. లెన్స్ ఫర్మ్‌వేర్ వెర్షన్ మెనూలో చూసి, కొత్తది ఉంటే ఎక్కించాకే ఆటోఫోకస్ గురించి ఒక నిర్ణయానికి రండి.